సైకిలుకు చవక కెమెరా: ఏ రకం కొనాలి, ఎక్కడ బిగించాలి

సైకిలు మీద చిన్న వీడియో కెమెరా పెట్టుకోవాలనుకునేవారిలో రెండు రకాలవారు ఉంటారు. అనంతగిరి కొండల మలుపులనో, విశాఖ బీచ్ రోడ్డు మీది తెల్లవారుజామునో పదిమందికీ చూపించాలనుకునేవారు ఒక రకం. రోజూ ఆఫీసుకు తొక్కుతూ, పక్క నుంచి రాసుకుంటూ పోయిన వాహనం నంబరు ఎప్పుడైనా అవసరమైతే చేతిలో ఉండాలనుకునేవారు రెండో రకం. మొదటివారికి విశాలమైన దృశ్యం, మంచి రంగులు, కుదుపు తెలియని కదలిక కావాలి. రెండోవారికి ఐదు మీటర్ల దూరంలోని పది అక్షరాలు చదవగలిగితే చాలు. ఆరేడు వేల రూపాయల లోపు దొరికే ఏ కెమెరా కూడా ఈ రెండు పనులనూ సమానంగా చేయలేదు. పైగా, ఒక పనికి మేలు చేసే అమరిక రెండో పనికి తరచుగా చేటు చేస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా రెండో రకంవారి కోసం. మొదటివారి దారి ఎక్కడ వేరవుతుందో అక్కడక్కడ చెబుతాను.

బజారులో ఉన్న రకాలు

అన్నిటికన్నా చవకైనది, వెయ్యి రూపాయల లోపు దొరికేది, ఎస్‌క్యూ11 అనే పేరుతోనూ దాని అనుకరణలుగానూ అమ్మే ఘనాకారపు కెమెరా. ఏ వైపు కొలిచినా అంగుళానికి మించదు. పెట్టె మీద 1080పి అని రాసి ఉన్నా, చాలావాటిలోని సెన్సార్‌కు అంత శక్తి లేదు. తక్కువ చుక్కలతో (పిక్సెళ్లతో) తీసిన చిత్రాన్ని లోపలి చిప్ సాగదీసి, 1920 × 1080 కొలతకు పెంచి ఫైలులో రాస్తుంది. బ్యాటరీ సామర్థ్యం 200 ఎంఏహెచ్ మాత్రమే కనుక, కొత్తగా ఉన్నప్పుడు కూడా గంట గడవడం కష్టం. ప్రతి చిత్రాన్నీ విడి ఫోటోగా దాచే మోషన్ జేపెగ్ పద్ధతిలో రికార్డు చేస్తుంది కాబట్టి నాణ్యత తక్కువైనా ఫైలు మాత్రం పెద్దదే. తెర ఉండదు కనుక తేదీ, సమయం సరిచేయాలంటే కార్డులో ఒక టెక్స్ట్ ఫైలు రాసి పెట్టాలి. అది చేయనివారి వీడియో మీద ఎన్నో ఏళ్ల కిందటి తేదీ పడుతుంది. పిల్లల సైకిలుకు సరదాగా కట్టడానికి అభ్యంతరం లేదు గానీ, నంబరు ప్లేటు కోసమైతే దీని మీద పెట్టే డబ్బు ఎంత తక్కువైనా వృథాయే.

రెండోది బొటనవేలి పొడవుండే, తెర లేని బద్ద రకం. కారు తాళంచెవి ఆకారంలో 808 అనే సంఖ్యతో అమ్ముడైన కెమెరాలు ఈ వంశానికి మూలపురుషులు. 2013లో వచ్చిన మోబియస్ వాటిలో కాస్త గౌరవం సంపాదించుకున్నది. అది నిజమైన 1080పి తీస్తుంది, బరువు 38 గ్రాములు మాత్రమే, లెన్సుల్లో వెడల్పుదీ ఇరుకుదీ ఎంచుకోవచ్చు. ఇవి అసలు బొమ్మ విమానాలు ఎగరేసేవారి కోసం పుట్టినవి కనుక బరువు తగ్గించడం మీద చూపిన శ్రద్ధ వాననీటిని ఆపడం మీద చూపలేదు. తెర లేకపోవడం వల్ల కెమెరా నిజంగా రికార్డు చేస్తోందో లేదో ఒక చిన్న దీపాన్ని చూసి నమ్మవలసిందే.

మూడోది ఎస్‌జేక్యామ్ ఎస్‌జే4000, దాని లెక్కలేనన్ని అనుకరణలు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి. వెనుక అంగుళంన్నర తెర, 900 ఎంఏహెచ్ మార్చుకోదగ్గ బ్యాటరీ, 30 మీటర్ల లోతు వరకూ నీటికి తట్టుకునే పారదర్శకమైన డబ్బా, హ్యాండిల్‌కు బిగించే క్లాంపుతో సహా వస్తాయి. ఇదే రూపంలో ఉన్న కెమెరాల మీద 4కె (1080పికి నాలుగు రెట్ల చుక్కలు) అని పెద్ద అక్షరాలు కనిపిస్తే, సెకనుకు ఎన్ని ఫ్రేములో (విడి చిత్రాలో) చిన్న అక్షరాల్లో వెతకాలి. పది పదిహేను ఫ్రేములని గానీ, ఇంటర్‌పొలేషన్ (సాగదీత) అని గానీ ఉంటే ఆ 4కె ఘనాకారపు కెమెరాలోని 1080పి లాంటిదే. అటువంటి కెమెరా కొన్నవారు దానిని 1080పి మీద పెట్టి వాడుకోవడం ఉత్తమం.

వీటితోపాటు ఇంట్లో ఊరికే పడి ఉన్న పాత ఫోను, కారు అద్దం దగ్గర పెట్టే డ్యాష్‌క్యామ్ కూడా కొందరి ఆలోచనలో ఉంటాయి. ఫోను చిత్రం మిగిలినవాటన్నిటి కన్నా బాగుంటుంది. అయితే లెన్సును యాంత్రికంగా స్థిరపరిచే ఓఐఎస్ ఉన్న ఫోన్లకు ఎడతెగని కంపనం మంచిది కాదు. అధిక శక్తి గల మోటారు సైకిలు ఇంజిన్ల కంపనం ఐఫోన్ కెమెరాను దెబ్బతీయవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. సైకిలుకు ఇంజిన్ లేకపోయినా మన రోడ్లు ఆ లోటు చాలావరకు తీరుస్తాయి. కారు డ్యాష్‌క్యామ్‌లో చాలావాటికి చెప్పుకోదగ్గ బ్యాటరీ ఉండదు; పవర్ బ్యాంకు నుంచి తీగ లాగాలి, వానకు తడవకూడదు. వానాకాలంలో సైకిలు తీయనివారు మాత్రమే ఆలోచించదగ్గ మార్గం ఇది.

నంబరు ప్లేటు లెక్క

అమ్మకందారులు లెన్సు 170 డిగ్రీలని గొప్పగా చెప్పుకుంటారు. నంబరు కావాలనుకునేవారికి ఆ గొప్పే పెద్ద అడ్డంకి. 170 అన్నది సాధారణంగా మూల నుంచి మూలకు చెప్పే కొలత. అడ్డంగా చూస్తే సుమారు 120 డిగ్రీలు వస్తుందనుకుందాం. 1080పి చిత్రంలో అడ్డంగా ఉండేవి 1920 చుక్కలు కాబట్టి ఒక్కో డిగ్రీకి పదహారు చుక్కలు దక్కుతాయి. మన దేశంలో కారు ప్లేటు పొడవైన రకం 500 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. పది మీటర్ల దూరంలో అది మూడు డిగ్రీల లోపే కనిపిస్తుంది, అంటే 46 చుక్కలు. వాటిని పది అక్షరాలకు పంచితే అక్షరానికి నాలుగైదు చుక్కలు మిగులుతాయి, ఎవరూ చదవలేరు. ఐదు మీటర్లకు వచ్చేసరికి 92 చుక్కలవుతాయి; పట్టపగలు, కెమెరా కదలకుండా ఉంటే, కష్టపడి చదవవచ్చు. అదే 90 డిగ్రీల లెన్సుతో తీస్తే ఐదు మీటర్ల దగ్గర 120 దాటుతాయి, తేడా కంటికే తెలుస్తుంది.

ఇరుకు లెన్సు పెడితే పక్క నుంచి వెళ్లే వాహనం చట్రంలోకే రాదేమోనన్న సందేహం సహజమైనదే. 90 డిగ్రీల లెన్సు చెరో వైపు 45 డిగ్రీలు చూస్తుంది కనుక, సైకిలుకు మీటరున్నర ఎడంగా వెళ్లే కారు వెనుక ప్లేటు కెమెరాకు మీటరున్నర ముందుకు చేరగానే చిత్రంలోకి వచ్చేస్తుంది. చదవదగ్గ దూరమంతా మనకు దక్కినట్టే. విశాలమైన లెన్సుతో దీనికి మించి దొరికేది ఆకాశమూ ఫుట్‌పాతూ మాత్రమే. ఎస్‌జే4000 రకం కెమెరాల్లో కొన్నిటి మెనూలో దృశ్య వెడల్పును తగ్గించే అమరిక ఉంటుంది గానీ, చాలావాటిలో అది చిత్రాన్ని కత్తిరించి సాగదీయడమే కనుక దాని వల్ల కొత్త చుక్కలేమీ పుట్టవు.

ద్విచక్ర వాహనాల విషయంలో లెక్క ఇంకా బిగుసుకుంటుంది. వాటి వెనుక ప్లేటు 200 × 100 మిల్లీమీటర్లు, అక్షరాలు రెండు వరుసల్లో ఉంటాయి. వెడల్పు లెన్సుతో ఐదు మీటర్ల దగ్గర ప్లేటు మొత్తానికి 37 చుక్కలే దక్కుతాయి; మూడు మీటర్ల లోపు ఉన్నప్పుడే ఆశ పెట్టుకోవాలి. ఇక మోటారు సైకిలు ముందు ప్లేటు ఎత్తు 45 మిల్లీమీటర్లు మాత్రమే. కనుక సీటు వెనుక పెట్టిన చవక కెమెరా కార్ల, లారీల నంబర్లు పట్టవచ్చు గానీ, బైకుల నంబర్లు పట్టడం అరుదు. బైకులు ఎక్కువగా తిరిగే దారిలో వెళ్లేవారికి, ఒకే కెమెరా కొనే స్తోమత ఉంటే, ముందు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. వెనుక నుంచి గుద్దిన వాహనం కూడా సాధారణంగా మనల్ని దాటి ముందుకే పోతుంది.

సమయం కూడా చాలా తక్కువ. మనం గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుండగా కారు 60తో దాటిందనుకుంటే, అది సెకనుకు పదకొండు మీటర్ల చొప్పున దూరమవుతుంది. మూడు నుంచి ఐదు మీటర్ల మధ్య, అంటే ప్లేటు చదవదగ్గ మేరలో, అది ఉండేది సెకనులో ఐదో వంతు కూడా కాదు. సెకనుకు 30 ఫ్రేముల కెమెరాకు ఆ వ్యవధిలో ఐదారు చిత్రాలు దొరుకుతాయి, 60 ఫ్రేములదానికి పది దాటుతాయి. ఆ ఐదారులో ఒకటో రెండో గుంత కుదుపులో చెడిపోతాయి కాబట్టి, 1080పిలో 60 ఫ్రేములు తీయగల కెమెరా అందుబాటు ధరలో ఉంటే 4కె మాట మరచి దానినే ఎంచుకోవాలి.

రాత్రిపూట ఈ తరగతి కెమెరాలేవీ కదిలే ప్లేటును చదవలేవు. వెలుతురు చాలక ఒక్కో ఫ్రేముకు సెకనులో ముప్పయ్యో వంతు వరకూ సెన్సార్ తెరుచుకుని ఉంటుంది. ఆలోపే కారు అడుగు పైగా కదిలిపోతుంది. పైగా ఇప్పటి హై సెక్యూరిటీ ప్లేట్లు కాంతిని తిప్పికొట్టే రకం కనుక, మన లైటో వెనుక కారు దీపాలో వాటి మీద పడితే తెల్లని మచ్చగా కాలిపోతాయి. మెనూలో ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గిస్తే కొంత ఉపశమనం ఉంటుంది. ఇంకా నమ్మకమైన ఉపాయం, కంటికి కనిపించిన నంబరును వెంటనే గట్టిగా పైకి చదవడం. చిత్రంలో లేనిది కెమెరా మైకులో ఉంటుంది. నీటి డబ్బాలో పెట్టిన కెమెరాకు మాట మూసుకుపోయి వినిపిస్తుంది కనుక, వాన లేని రోజుల్లో డబ్బా లేకుండా, తెరచి ఉన్న చట్రంలో బిగించడం మంచిది.

ఎక్కడ బిగించాలి

చవక కెమెరాల సెన్సార్ చిత్రాన్ని ఒక్కసారిగా కాక పై వరుస నుంచి కింది వరుసకు వరుసగా చదువుతుంది. ఆ కాసేపట్లో హ్యాండిల్ అదిరితే పై వరుసలూ కింది వరుసలూ వేర్వేరు చోట్ల పడి, రోడ్డూ ఇళ్లూ జెల్లీలాగా ఊగుతాయి. దీనికి విరుగుడు ఖరీదైన కెమెరాలో కన్నా బిగింపులో ఎక్కువగా ఉంది. పొడవైన ప్లాస్టిక్ చేతుల మీద నిలబెట్టిన కెమెరా ప్రతి చిన్న కుదుపునూ పెంచి చూపిస్తుంది. కనుక కీళ్లు వీలైనంత తక్కువగా, కెమెరా హ్యాండిల్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి. ఇప్పటి గేరు సైకిళ్ల హ్యాండిల్ నడిమి భాగం ఎక్కువగా 31.8 మిల్లీమీటర్ల మందం, పిడుల దగ్గర 22.2 ఉంటుంది, క్లాంపు కొనే ముందు కొలుచుకోవాలి. వదులుగా ఉంటే కాగితం మడతలు పెట్టకుండా పాత ట్యూబు ముక్క ఒకటి చుట్టి బిగిస్తే జారదు, సన్నని అదురు కూడా కొంత తగ్గుతుంది.

పగటి ఎండలో జెల్లీ ఎక్కువగా కనిపించడానికి మరో కారణం, వెలుతురు ఎక్కువైనప్పుడు ఒక్కో ఫ్రేము చాలా తక్కువ వ్యవధిలో తీయబడి ప్రతి అదురూ స్పష్టంగా అచ్చుపడడం. లెన్సు ముందు నల్లటి ఎన్‌డీ ఫిల్టరు పెడితే ఆ వ్యవధి పెరిగి వీడియో మెత్తబడుతుంది, కొండ దారుల అందం చూపించదలచినవారు తప్పక పెట్టుకోవాలి. నంబరు కావలసినవారు మాత్రం దాని జోలికి పోకూడదు, ఎందుకంటే వీడియోతోపాటు ప్లేటు అక్షరాలు కూడా మెత్తబడతాయి.

హెల్మెట్ మీద పెడితే మెడ, భుజాలు అదురును మింగేస్తాయి కనుక వీడియో నునుపుగా వస్తుంది. తల తిప్పిన వైపు కెమెరా కూడా చూస్తుంది. ఇది 38 గ్రాముల బద్ద రకానికి సరిపోతుంది. డబ్బాతో కలిపిన ఎస్‌జే4000 రకాన్ని తలమీద గంటసేపు మోస్తే మెడకు తెలుస్తుంది, పడినప్పుడు గట్టి వస్తువొకటి హెల్మెట్ మీద నుంచి పొడుచుకుని ఉండడమూ మంచిది కాదు. ఛాతీ పట్టీ మోటారు సైకిలువారికి నచ్చుతుంది గానీ, వంగి తొక్కే సైకిలుపై అది రోడ్డు కన్నా ముందు చక్రాన్నే ఎక్కువగా చూపిస్తుంది.

వెనుక పెట్టదలచినవారు సీటు గొట్టానికి బిగించి, ఎర్ర దీపం కెమెరా కన్నా కింద ఉండేలా చూసుకోవాలి. లేకపోతే రాత్రి వీడియో అంతా ఎర్రబడుతుంది. వెనుక మడ్‌గార్డు లేని సైకిలుకు వానాకాలంలో వెనుక కెమెరా పెట్టడం దండగ, పది నిమిషాల్లో లెన్సు నిండా బురద చుక్కలే. ఎక్కడ పెట్టినా, క్లాంపు విరిగితే కెమెరా చక్రంలో పడకుండా ఒక సన్నని నైలాన్ తాడుతో సైకిలు ఫ్రేముకు కట్టి ఉంచాలి.

బ్యాటరీ, కార్డు, ఫైళ్లు

రానూపోనూ ప్రయాణం గంటలోపు అయితే ఎస్‌జే4000 రకం బ్యాటరీ ఒకటి చాలు. అంతకన్నా ఎక్కువైతే ఇంకొక బ్యాటరీ కొనుక్కోవచ్చు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిలు దారిలో రెండు మూడు చుట్లు తొక్కేవారైతే సైకిలు పై గొట్టానికి కట్టే సంచిలో పవర్ బ్యాంకు పెట్టి తీగ లాగవచ్చు. తీగ తగిలిస్తే నీటి డబ్బా మూయడం కుదరదు, కనుక ఈ పద్ధతి వాన లేని రోజులకే. తెర లేని బద్ద రకాలు విడదీయలేని బ్యాటరీతో వస్తాయి. ఒకటి రెండేళ్లకు బ్యాటరీ నీరసించినప్పుడు కెమెరా మొత్తాన్నే పక్కన పెట్టవలసి రావచ్చు. ఎస్‌జే4000 రకానికి నేను మొగ్గు చూపడానికి ఇది ముఖ్యమైన కారణం. మే నెల ఎండలో నిలిపిన సైకిలుకు కెమెరా వదిలేయడం ఏ లిథియం బ్యాటరీకీ మంచిది కాదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జింగు పెట్టకూడదు.

ఈ తరగతి కెమెరాలు 1080పిలో సెకనుకు సుమారు 15 మెగాబిట్లు రాస్తాయి, అంటే గంటకు దగ్గరదగ్గర ఏడు జీబీ. 32 జీబీ కార్డులో నాలుగున్నర గంటలు పడుతుంది కాబట్టి అంతకు మించిన కార్డు అవసరం చాలామందికి రాదు. పాత చిప్పులున్న కెమెరాలు 64 జీబీ కార్డుల ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాటును గుర్తించకపోవచ్చు. క్లాస్ 10 లేదా యూ1 గుర్తు చాలు, అయితే నిరంతర రికార్డింగు కోసం చేసిన హై ఎండ్యూరెన్స్ రకం కొంటే ఎక్కువ కాలం మన్నుతుంది. నకిలీ కార్డుల బెడద గట్టిగా ఉన్నందున, కొన్న రోజే కంప్యూటరులో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత ప్రోగ్రాముతో కార్డు నిండా రాయించి, తిరిగి చదివించి చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువమంది నిర్లక్ష్యం చేసే అమరిక ఫైలు నిడివి. ఎమ్‌పీ4, ఎంఓవీ ఫైళ్లలో వీడియోను తెరవడానికి కావలసిన సూచిక సాధారణంగా ఫైలు ముగిసేటప్పుడు రాయబడుతుంది. ప్రమాదంలో కెమెరా కిందపడి బ్యాటరీ ఊడిపోతే, సరిగ్గా ఆ క్షణం ఉన్న ఫైలే తెరుచుకోకుండా పోతుంది. కార్డు నిండాక పాతవి చెరిపి రాసే లూపు రికార్డింగులో ఒక్కో ఫైలు నిడివిని పది నిమిషాలకు పెట్టినవారు ఆ పది నిమిషాలూ పోగొట్టుకుంటారు. ఒకటి లేదా మూడు నిమిషాలకు పెడితే నష్టం ఆ మేరకే ఉంటుంది. ఏవీఐ ఫైళ్లు ఇలా తెగినా ఉచిత ప్రోగ్రాములతో బాగుచేయడం సులభం. ఈ ఒక్క విషయంలో చవక కెమెరాల పాత పద్ధతే నయం.

కుదుపు తగిలినప్పుడు ఫైలును చెరగకుండా తాళం వేసే జీ-సెన్సార్ అనే సదుపాయాన్ని కార్లకు ఉద్దేశించి పెట్టారు. మన స్పీడ్ బ్రేకర్ల మీద, గుంతల మీద సైకిలు వెళ్లినప్పుడల్లా అది ప్రమాదమనుకుని ఫైళ్లకు తాళం వేసుకుంటూ పోతుంది, చివరకు కార్డు నిండి రికార్డింగు ఆగిపోతుంది. దానిని ఆపివేయడమో, మెనూలో అన్నిటికన్నా తక్కువ స్థాయిలో పెట్టడమో చేయాలి.

ఎవరికి ఏది

నగరంలో రోజూ తొక్కేవారికి నా సలహా: తెర, మార్చుకునే బ్యాటరీ, నిజమైన 1080పి, వీలైతే 60 ఫ్రేములు ఉన్న ఎస్‌జే4000 రకం కెమెరాను హ్యాండిల్‌కు దగ్గరగా బిగించండి. అనుకరణల్లో ఒక్కోదానిలో ఒక్కో సెన్సార్ ఉండడం మామూలు కాబట్టి, వంద రెండొందలు ఎక్కువైనా అసలు సంస్థ సరుకే తీసుకోవాలి. కొన్న వెంటనే తేదీ సరిచేసి, మీ వీధిలో ఆగి ఉన్న కారు ప్లేటును మూడు, ఐదు, పది మీటర్ల నుంచి తీసి చూసి, చదవలేకపోతే గడువులోగా తిరిగి ఇచ్చేయాలి. వారాంతాల్లో మాత్రమే దూరాలు తొక్కుతూ, బరువు లెక్కచూసుకునే రేసు సైకిలువారికి ఇరుకు లెన్సు దొరికితే బద్ద రకం బాగుంటుంది. అందమైన వీడియో మాత్రమే కావలసినవారు ఈ తరగతిలో కొత్తది కొనకుండా, కెమెరా కదలికను కొలిచి కుదుపును సరిచేసే గైరో స్థిరీకరణ ఉన్న పెద్ద సంస్థల పాత మోడల్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవడం మంచిది. గోప్రోలో హైపర్‌స్మూత్ అనే ఆ సదుపాయం 2018లో వచ్చిన హీరో7 బ్లాక్‌తో మొదలైంది, అంతకు ముందువి తీసుకోవద్దు. వానాకాలంలో డబ్బా లోపల ఆవిరి పట్టకుండా మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టుకోవచ్చు.

విదేశాల్లో ఉన్న తెలుగువారు స్థానిక చట్టం తెలుసుకున్నాకే కెమెరా బిగించాలి. బ్రిటన్‌లో చాలా పోలీసు విభాగాలు సైక్లిస్టుల వీడియోలను ఆన్‌లైన్‌లో స్వీకరించి చర్య తీసుకుంటాయి. జర్మనీలో ఇటువంటి వీడియోను ప్రమాద పరిహారపు దావాలో సాక్ష్యంగా చూడవచ్చని అక్కడి ఫెడరల్ న్యాయస్థానం 2018 మేలో చెప్పినప్పటికీ, కారణం లేకుండా నిరంతరం రికార్డు చేయడం గోప్యతా చట్టానికి విరుద్ధమని కూడా అదే తీర్పులో అన్నది.

మన దేశంలో, ప్రమాదం జరిగిందంటే మొదట చేయవలసినది కెమెరా ఆపి కార్డు బయటకు తీయడం. లూపు రికార్డింగు కొనసాగితే కార్డు నిండాక పాత ఫైళ్ల మీదే కొత్తవి రాయబడతాయి. ఆ ఫైలును వాట్సాప్‌లో పంపిన ప్రతిలో చుక్కలూ తేదీ వివరాలూ నశిస్తాయి కనుక, కార్డు నుంచి నేరుగా కంప్యూటరుకు నకలు తీసి, కార్డును మళ్లీ వాడకుండా కవరులో పెట్టి దాచాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం నకలును కోర్టులో పెట్టాలంటే నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం జత చేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కగట్టే, ఫైలు కాస్త మారినా మారిపోయే సంఖ్య) కూడా రాయాలి. ఆ విలువను నకలు తీసిన రోజే లెక్కించి రాసిపెట్టుకుంటే, తరువాత ఫైలును ఎవరూ మార్చలేదని చూపడం వకీలుకు తేలికవుతుంది.